బీప్ తర్వాత మాట్లాడమ్మా!

ఇప్పుడు ఎవరికైనా ఫోన్ చేసి చూడండి. అవతలివాళ్లు ఎత్తేలోపు ఒకరి ఫోన్లో వేంకటేశ్వరుడు, ఇంకొకరి ఫోన్లో కొత్త సినిమా పాట, మరొకరి ఫోన్లో బతుకమ్మ పాట! ఎత్తకపోతే మాత్రం ఏమైంది? మిస్డ్ కాల్ చూసుకుని వాళ్లే చేస్తార్లే అనుకుంటాం. మరీ తొందరైతే వాట్సప్‌లో ఓ వాయిస్ మెసేజ్ పడేసి మన పని మనం చూసుకుంటాం.

ఇంట్లో లేని మనిషి తరఫున ఫోన్ ఎత్తి జవాబు చెప్పే యంత్రం ఒకటి ఉండేదనీ, దాని పొట్టలో క్యాసెట్టు తిరిగేదనీ, ఆ క్యాసెట్టులోకి తమాషా పాటలెక్కించి ఫోన్ చేసినవాళ్లకు వినిపించడం ఓ పెద్ద సరదాగా ఉండేదనీ చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా అమ్మాయైతే ఒకటే నవ్వు. "మరి ఆ మెషీన్ లేని ఇళ్లల్లో ఫోన్ ఎవరు ఎత్తేవాళ్లమ్మా?" అనడిగింది.

మంచి ప్రశ్నే! ఆ ప్రశ్నకు అమెరికాలో ఒక జవాబుంది. మన సిద్దిపేటలో ఇంకో జవాబుంది. రెండూ చెప్పుకుందాం.

పాట పాడే పెట్టె

మాటను పట్టి ఉంచాలన్న ఆలోచన ఈనాటిది కాదు. 1898లో డెన్మార్క్‌కు చెందిన వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కు తీగ మీద అయస్కాంత శక్తితో మాటను రికార్డు చేసే యంత్రం కనిపెట్టాడు. ఫోన్ వచ్చినప్పుడు మనిషి లేకపోయినా మాట వృథా పోకూడదన్నది ఆయన ఉద్దేశాల్లో ఒకటి. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో జనం దాన్ని వింతగా చూశారు. అయినా అలాంటిది మామూలు ఇళ్లలోకి రావడానికి ఇంకో డెబ్బై, ఎనభై ఏళ్లు పట్టింది. 1963లో ఫిలిప్స్ కంపెనీ మనందరికీ తెలిసిన క్యాసెట్టును తెచ్చింది. 1984లో అమెరికాలో ఏటీ అండ్ టీ అనే మహా టెలిఫోన్ కంపెనీని ముక్కలు చేశాక అక్కడి జనం తమకు నచ్చిన ఫోన్లూ, వాటికి తగిలించే యంత్రాలూ దుకాణాల్లో కొనుక్కోవడం బాగా పెరిగింది. అలా ఆన్సరింగ్ మెషీన్ ఇంటింటి వస్తువైపోయింది.

దాని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. చాలావాటిలో రెండు క్యాసెట్లుండేవి. ఒకటి మనం చెప్పే మాటకు, రెండోది అవతలివాళ్లు చెప్పే మాటకు. మొదటి క్యాసెట్టులో టేపు మొదలూ చివరా లేకుండా గుండ్రంగా అతికించి ఉండేది. ఇరవై, ముప్పై సెకన్లలో ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికే వచ్చేది. నాలుగు రింగులయ్యాక మెషీన్ ఫోన్ ఎత్తి, "మేం ఇంట్లో లేం, బీప్ శబ్దం వచ్చాక మీ పేరు, నంబరు చెప్పండి" అనేది. బీప్ రాగానే రెండో క్యాసెట్టు తిరగడం మొదలయ్యేది. ఇంటివాళ్లు సాయంత్రం వచ్చేసరికి చిన్న ఎర్రదీపం మిణుకు మిణుకుమంటూ కనిపించేది.

రోజూ అదే మాట ఎన్నిసార్లని చెబుతారు? విసుగు పుట్టింది. దాంతో ఆ విసుగునే వ్యాపారం చేసుకున్నవాళ్లు పుట్టుకొచ్చారు! 1980లలో 'క్రేజీ కాల్స్' పేరుతో రెడీమేడ్ పాటల క్యాసెట్టును అక్కడి టీవీల్లో ప్రకటనలిచ్చి మరీ అమ్మారు. బీథోవెన్ సింఫనీ స్వరాలకు 'ఇంట్లో ఎవరూ లేరు' అన్న మాటలు అతికించిన పాట అందులో ఒకటి. ఆ క్యాసెట్టును టేప్ రికార్డర్‌లో వేసి, మెషీన్ పక్కన పెట్టి మీట నొక్కితే పాట అందులోకి ఎక్కేది. కొనలేనివాళ్లు పిల్లాపాపలతో కలిసి తామే గొంతు సవరించుకునేవాళ్లు. 1997లో 'సైన్‌ఫెల్డ్' అనే టీవీ సీరియల్లో ఒక పాత్ర ఇంట్లో ఉండి కూడా ఫోన్ ఎత్తకుండా, తాను లేనని పాట పాడి మెషీన్లో పెడతాడు. ఆ పాటను తలచుకుని ఇప్పటికీ నవ్వుకునేవాళ్లున్నారట.

ఆ తర్వాత టేపు బదులు చిప్పు వచ్చింది. చిప్పు తర్వాత ఫోన్ కంపెనీలే వాయిస్ మెయిల్ ఇచ్చాయి. క్యాసెట్టు మెషీన్ అటకెక్కింది.

నిమిషం సుప్రభాతం... అరవై రూపాయలు!

ఈ గొడవ సిద్దిపేట దాకా ఎలా వచ్చిందంటారా? మా మేనమామ వల్ల. కంప్యూటర్లకు 2000 సంవత్సరంతో ఏదో గండం ఉందని మనవాళ్లను అమెరికా విమానాలెక్కించిన రోజులు గుర్తున్నాయా? ఆ గాలిలోనే మామయ్య కూడా 1998లో న్యూజెర్సీ వెళ్లాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు.

అమ్మమ్మ వాళ్లింట్లో ఫోన్ లేదు. పసుపుపచ్చ బోర్డు ఉన్న ఎస్టీడీ, ఐఎస్‌డీ బూతే దిక్కు. అద్దాల గది, లోపల ఎర్రంకెల మీటరు. అమెరికాకు నిమిషానికి 60 రూపాయల దాకా అయ్యేది. ఇక్కడ తెల్లవారితే అక్కడ రాత్రి కాబట్టి, చలికాలం పొద్దున ఆరున్నరకే అమ్మమ్మ, అమ్మ, తోకలా నేను బయల్దేరేవాళ్లం. ఏం మాట్లాడాలో దారిపొడవునా లెక్కేసుకునేవాళ్లు. ఎవరి పెళ్లి ముందు చెప్పాలి, ఎవరి రోగం తర్వాత చెప్పాలి అని!

ఓ రోజు ఫోన్ కలిసింది. మామయ్య గొంతు బదులు సుప్రభాతం! సరదాపడి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి క్యాసెట్టులోంచి కాస్త మెషీన్లోకి ఎక్కించుకున్నాడట. అమ్మమ్మ ఏం చేసిందో తెలుసా? రిసీవర్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించింది.

"అమ్మా, మీటరు తిరుగుతున్నదే!" అని మా అమ్మ.

"దేవుని పాట నడుమల పెట్టేయొద్దు బిడ్డా" అని అమ్మమ్మ.

పాటయ్యాక మామయ్య ఇంగ్లీషులో ఏదో అన్నాడు. బీప్ వచ్చింది. అమ్మమ్మ ఉలుకూ పలుకూ లేదు. "మాట్లాడమ్మా" అంటే "మనిషి లేని ఇంట్ల ఎవలతోని మాట్లాడాలె? పిచ్చిదాన్ననుకుంటరు" అంది. ఇద్దరూ వాదులాడుకున్నారు. మర్నాడు మామయ్య పక్కింటివాళ్ల ఫోన్‌కు చేసి, "మీ పంచాయితీ అంతా నా మెషీన్ల ఉన్నది" అని పడీ పడీ నవ్వాడు.

ఆయన నవ్వాడు గానీ అమ్మమ్మ కొంగుముడిలోంచి పోయిన డబ్బులు పోయినట్టే. మెషీన్ ఎత్తినా మనిషి ఎత్తినా మీటరుకు ఒకటే. అక్కడివాళ్లకు వేళాకోళమైన పాట, ఇక్కడ బూతు దగ్గర నిలబడ్డ తల్లికి వారం రోజుల కూరగాయల ఖర్చు. తర్వాత అమ్మ ఓ కిటుకు నేర్చుకుంది. నాలుగో రింగుకు మెషీన్ ఎత్తుతుంది కాబట్టి, మూడో రింగు దాకా చూసి టక్కున పెట్టేసేది!

మన ఇంటి మెషీన్ ఎవరు?

మరి మన దగ్గర ఆన్సరింగ్ మెషీన్లు ఇళ్లలోకి ఎందుకు రాలేదు? మొదటి కారణం ఫోనే గగనం కావడం. 1991లో దేశ జనాభా 84 కోట్లు దాటితే, ఉన్న ఫోన్ లైన్లు సుమారు 50 లక్షలు. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లెందరో! వీధికి ఒక ఇంట్లో ఫోనుంటే, ఆ వీధి మొత్తానికి అదే 'పీపీ నంబరు'. శుభలేఖల మీద, దరఖాస్తుల మీద ఆ నంబరు రాసి పక్కన పీపీ అని పెట్టుకునేవాళ్లం.

రెండో కారణం అసలైనది. అమెరికాలో పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. మన ఇళ్లలో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. ఆ 'ఎవరో ఒకరు' ఎవరో మీకు నేను చెప్పాలా? మా అమ్మాయి ప్రశ్నకు జవాబు అదే. మన ఇంటి ఆన్సరింగ్ మెషీన్ ఇల్లాలే!

పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఫోన్ మోగుతుంది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ పరుగు. స్టాండుకు దారంతో కట్టిన పెన్సిల్, పాత డైరీ. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, మళ్లీ ఎప్పుడు చేస్తారు... అన్నీ రాయాలి. వర్షంలో గొడుగేసుకుని వెళ్లి, నాలుగిళ్ల అవతల ఉన్నవాళ్లను "మీకు హైదరాబాదు నుంచి ఫోన్, పది నిమిషాల్లో మళ్లీ చేస్తరట" అని పిలుచుకురావాలి. శ్రీవారు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే అడిగే మొదటి మాట, "ఎవరన్నా ఫోన్ చేసిన్రా?" తిన్నావా, పడుకున్నావా అని కాదు సుమా!

మెషీన్ చేయలేని పనులు కూడా చేసిందామె. పీపీ నంబరుకు చావు కబురొస్తే దాన్ని ఉన్నదున్నట్టు మోసుకెళ్లలేదు. "మీ నాయనకు జర బాగలేదట, బస్సుకు తొందరగ పోండ్రి" అని మెత్తగా చెప్పేది. ఆ మనిషి ప్రయాణమై వెళ్లేదాకా గుండె దిటవు చేసుకుని అక్కడే నిలబడేది. ఏ క్యాసెట్టుకు తెలుసు ఆ నేర్పు?

పాడు ఫోన్ల సంగతి సరేసరి. అప్పట్లో ఎవరు చేస్తున్నారో నంబరు కనిపించేది కాదు. ఆడగొంతు వినగానే వెకిలిగా నవ్వేవాళ్లు, ఊపిరి తప్ప మాట వినిపించనివాళ్లు ఉండేవాళ్లు. అమెరికాలో ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు, మెషీన్లో 'నేను' అనొద్దు 'మేము' అనండి, ఊరెళ్తున్నామని చెప్పొద్దు, వీలైతే మగగొంతుతో రికార్డు చేయించండి అని సలహాలిచ్చేవాళ్లు. మన దగ్గర సలహా ఎవరిచ్చారు? మా పెద్దమ్మ మాత్రం ఖాళీ ఇంట్లో నిలబడి, "ఏమండీ, మీకే ఫోన్" అని గట్టిగా కేకేసేది. అవతలివాడు ఠక్కున పెట్టేసేవాడు!

ఇంకో తమాషా. ఎస్టీడీ కలవనప్పుడు, ఈ రూటులోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయని ఓ ఆడగొంతు చెప్పేది గుర్తుందా? ఆ రికార్డు గొంతును లక్షలమంది విన్నారు. ఇరవై ఏళ్లు ప్రతి ఫోన్‌కూ హలో అన్న మన అమ్మల గొంతు మాత్రం ఎన్ని ఇళ్లల్లో ఒక్క టేపులోనైనా ఉంది?

దుబాయి క్యాసెట్టు

ఉన్న ఇళ్లు కొన్ని లేకపోలేదు. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాదు వైపు నుంచి, మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ వలస పోయారు. సెలవుకొచ్చినవాళ్లు తెచ్చే వస్తువుల్లో టూ ఇన్ వన్ తప్పకుండా ఉండేది. దాంతో ఉత్తరం బదులు క్యాసెట్టు పంపడం మొదలైంది. ఊరి నుంచి వెళ్లే మనిషి సంచిలో దుస్తుల మధ్య ఓ క్యాసెట్టు!

చదువు రాని ఇల్లాలికి అదెంత ఊరటో ఆలోచించండి. అంతకుముందు ఉత్తరం రాయించాలంటే ఊళ్లో చదువుకున్న పిల్లగాడికి తన కష్టమంతా చెప్పుకోవాలి. వచ్చిన ఉత్తరమూ అతనే చదివి వినిపించాలి. మొగుడూ పెళ్లాల మాట మధ్యన మూడో మనిషి! క్యాసెట్టు ఆ మూడో మనిషిని తప్పించింది.

తప్పించింది గానీ అత్తను తప్పించలేదు! మా వీధిలో ఓ అక్క చెప్పేది. క్యాసెట్టు నింపే రోజు ఇల్లంతా చుట్టూ కూర్చునేవారట. మామ, అత్త, మరిది, ఆడబిడ్డ, ఆఖరికి ఎక్కాలు అప్పజెప్పే పిల్లలు. 60 నిమిషాల క్యాసెట్టంటే ఒక పక్క అరగంటే కదా! ఆమె వంతు వచ్చేసరికి మిగిలేది రెండు నిమిషాలు. "ఏం చెప్పాల్నో తెల్వక దగ్గిన. ఆయనకు ఆ దగ్గే పోయింది. మందు తెచ్చుకున్నవా అని తర్వాత క్యాసెట్ల అడిగిండు" అంది నవ్వుతూ. ఆ నవ్వు వెనకున్నది మీకు తెలియంది కాదు.

విన్న క్యాసెట్టు మీదే జవాబు రికార్డు చేసి తిప్పి పంపేవాళ్లూ ఉన్నారు. కొత్త మాట ఎక్కితే పాత మాట చెరిగిపోయినట్టే.

అద్దె పాటల కాలం

దక్షిణ కొరియాలో 2002లో మొదలైన కాలర్ ట్యూన్ మన దేశానికి 2004లో 'హలో ట్యూన్స్' పేరుతో వచ్చింది. నెలకు ముప్పై రూపాయలు కోసుకుంటున్నా జనం వదల్లేదు. ఎదుటివాళ్ల పాట నచ్చితే స్టార్ నొక్కి మనమూ పెట్టుకోవడమే. ఉద్యమం రోజుల్లో ఫోన్ చేస్తే తెలంగాణ పాట మోగేది. కరోనా వచ్చిన 2020లో ముందు ఓ దగ్గు, తర్వాత అమితాబ్ బచ్చన్ హెచ్చరిక. అంబులెన్సుకు ఫోన్ చేసే తొందరలో కూడా అదంతా వినాలా అని ఎందరు విసుక్కున్నారో!

అయితే ఒక తేడా గమనించారా? ఆన్సరింగ్ మెషీన్లో పాట ఎంత తలతిక్కగా ఉన్నా అందులో ఇంటి మనిషి చేయి ఉండేది. అపశ్రుతి ఉండేది, వెనక పిల్లాడి ఏడుపు ఉండేది. కాలర్ ట్యూన్లో అన్నీ సవ్యంగా ఉంటాయి, ఇంటి మనిషి తప్ప.

అమ్మమ్మ నలభై సెకన్లు

అమ్మమ్మకు మెల్లగా బీప్ అలవాటైంది. సుప్రభాతం అయ్యేదాకా ఓపిక పట్టి, మనిషి ఎదురుగా ఉన్నట్టే మాట్లాడేది. 2009లో ఆమె పోయింది. 2019లో మామయ్య ఇల్లు మారుతూ పాత మెషీన్ తీస్తే అందులో ఓ బుల్లి క్యాసెట్టు మిగిలే ఉంది. దాన్ని బాగుచేయించి వాట్సప్‌లో పంపించాడు. నలభై సెకన్లు.

"కొడుకా, ఇంట్ల లేవా? నేనే, అమ్మను. మంచిగున్న. ఆడ చలి ఎక్కువున్నదట గదా, చెవులకు గుడ్డ కట్టుకో. మామిడికాయ తొక్కు పంపిన. సీసా మూత గట్టిగ పెట్టు..."

అంతలో వెనక నుంచి ఇంకో గొంతు, సన్నగా, తొందరగా: "చాలమ్మా, పైసలైతున్నయ్!"

మా అమ్మది! మేమంతా అమ్మమ్మ మాటకు కళ్లొత్తుకుంటుంటే అమ్మ ఆ చివరి ముక్కనే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. "నా గొంతు గిట్లుండెనా?" అని ఒక్కటే మాట. ముప్పై దాటిన వయసులో తన గొంతు ఎలా ఉండేదో ఆమెకే గుర్తు లేదు. పిల్లల పుట్టినరోజులు, నాన్న రిటైర్మెంట్ సభ అన్నీ క్యాసెట్లలో ఉన్నాయి. వాటిలో అమ్మ ఎక్కడుంది? వంటింట్లో. ఆ వయసు అమ్మ గొంతు మా ఇంట్లో అదొక్కటే, అదీ డబ్బులు దండగవుతున్నాయని చెప్పిన మూడు మాటలు.

ఆ గొంతులు పదిలమేనా?

మీ ఇంటి సజ్జ మీదా పాత క్యాసెట్లు ఉండే ఉంటాయి. టేపంటే సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పూత. ఉక్కకు, బూజుకు, ఎండకు అది పాడవుతుంది. ఆలస్యం చేయకుండా ఈ పనులు చేసుకోండి.

• ముందుగా క్యాసెట్టు పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. ఇక పొరపాటున కూడా దాని మీద ఇంకో రికార్డింగ్ ఎక్కదు.

• తెల్లగా బూజు కనిపిస్తే టేప్ రికార్డర్‌లో పెట్టకండి. తెలిసినవాళ్లతో శుభ్రం చేయించాకే వినండి. వదులైన టేపును పెన్సిల్‌తో మెల్లగా చుట్టండి.

• స్పీకర్ల పక్కన, అయస్కాంతాల దగ్గర పెట్టకండి. నిలువుగా, పొడి చోట ఉంచండి.

• ఆన్సరింగ్ మెషీన్ల బుల్లి క్యాసెట్టు మామూలు టేప్ రికార్డర్‌లో పట్టదు. పాత మెషీన్ ఉంటే పారేయకండి.

• టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించుకోవచ్చు. అదీ వీలుకాకపోతే ఫ్యాన్ ఆపి, తలుపులేసి, సెల్‌ఫోన్‌లోనే రికార్డు చేయండి. ఏమీ లేకపోవడం కన్నా నయం.

• రెండు చోట్ల దాచండి. ఎవరి గొంతు, ఏ సంవత్సరం అని రాసి పెట్టండి. వాట్సప్‌లో వచ్చిన అమ్మానాన్నల వాయిస్ మెసేజ్‌లను కూడా విడిగా దాచుకోండి. ఫోన్ మారితే అవీ పోవచ్చు.

• గొంతును అనుకరించి డబ్బు గుంజే మోసాలు వచ్చిన రోజులివి. ఇంటివాళ్ల గొంతులను నలుగురూ చూసే చోట పెట్టకండి. ఆపద అంటూ ఫోనొస్తే అడగడానికి ఇంట్లోవాళ్లకే తెలిసిన మాట ఒకటి అనుకుని ఉంచుకోండి.

క్యాసెట్లే లేవంటారా? అమ్మ ఉందిగా! అత్తమ్మ ఉందిగా! ఫోన్ ముందు పెట్టి "మాట్లాడమ్మా" అంటే "ఏం మాట్లాడాలె, నాకేం తెలుసు?" అంటారు. అలా అడక్కండి. రికార్డు చేస్తున్నానని చెప్పి పక్కన పెట్టి, ఆవకాయలో ఆవపిండి ఎంత, ఉప్పు ఎంత అని అడగండి. చిన్నప్పుడు ఆడిన బతుకమ్మ పాట ఒకటి అడగండి. మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తే వేయనివ్వండి. పనిలో పనిగా మీరూ రెండు మాటలు మాట్లాడండి. మీ పిల్లలు రేపు వెతుక్కునేది మీ గొంతునే. ఏమంటారు?